ఓడ ముక్కుకి బొట్టు

మా ఆయన నౌకాదళం ఉద్యోగంలో ఎక్కువ ఏళ్లు ఒకే ఓడ మీద గడిచాయి. మధ్యలో వేరే చోట్లకి వేసినా తిరిగి తిరిగి దాని మీదకే వచ్చేవాడు. డెస్ట్రాయర్ అంటారు దాన్ని. పేపర్లో విధ్వంసక నౌక అని రాస్తారు. మా అత్తకి ఆ మాట గిట్టదు. "నా కొడుకెక్కిన పడవకి అదేం పేరు? అది ఎవుల్ని ఏటి సేసింది?" అని, చదివి వినిపించిన పాపానికి నా మీద పడేది. అంత పెద్ద ఓడని పడవంటావేమిటని కొడుకు విసుక్కుంటే, "నీటి మీద తేలితే పడవ కాదేటి?" అనేది.

మా అత్తవారిది శ్రీకాకుళం తీరాన వేట మీద బతికే ఊరు. మా పుట్టింటివాళ్లు రామతీర్థం దగ్గర వరి పండిస్తారు. మాది ప్రేమ పెళ్లి. ఆ సంగతి మా అత్త ఎలాగో మింగేసింది గాని, నా స్టిక్కరు బొట్టుని మాత్రం మింగలేకపోయింది. కాపురానికొచ్చిన మొదటిరోజే నా నుదురు చూసి, "ఒసే గుంటా, అంటించుకున్నది బొట్టేటే? రేత్రికి పీకి అద్దానికి ఎడతావు, పొద్దున్న మల్లీ తగిలించుకుంటావు" అంది. నేను బళ్లో సైన్సు చెప్పేదాన్ని, నోరు ఊరుకోదు. "కుంకమైతే చెమటకి ముక్కు మీదకి కారుతుంది అత్తా" అన్నాను. ఆ గొడవ అలా ఏళ్ల తరబడి నడిచింది.

రెండో గొడవ ఓడ గురించి. వాళ్ల ఊళ్లో పడవ వేటకి పోతుంటే, ఆ ఇంటి ఆడది పడవ ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టాలి. మా మామ తెప్ప మీద వేటకి పోయినన్నాళ్లూ మా అత్త పెట్టింది. మరి కొడుకు ఓడకి ఎవరు పెడుతున్నారని ఆవిడ బెంగ. "నీళ్లలోకి దింపిన రోజే పెద్దవాళ్లు కొబ్బరికాయ కొట్టారమ్మా" అని మా ఆయన సర్దిచెప్పబోతే, "ఒక్కపాలి కొడితే సరిపోతాదేటి? ఎల్లినప్పుడల్లా బొట్టెట్టాల" అంది.

ఓడ దగ్గరకి వెళ్లే వీలు లేదు. అందుకని ఆవిడే ఒక దారి వెతుక్కుంది. ఓడ బయల్దేరిందని తెలిసిన రోజు, వేట మానేశాక ఇసకలో ఊరికే పడున్న మా మామ తెప్ప దగ్గరకి పోయి, దాని ముక్కుకి పసుపు రాసి, ఓడ పేరు చెప్పి బొట్టు పెట్టేది. ఓడ ఎక్కడికి పోతుందో మా ఆయన చెప్పేవాడు కాదు, చెప్పకూడదు కూడా. వచ్చాక తెలిసేవి సంగతులు. ఒకసారి తుఫాను కొట్టిన పరాయి దేశానికి బియ్యం, మందులు మోసుకెళ్లింది. ఒకసారి యుద్ధం మొదలైన చోటి నుంచి మనవాళ్లని పిల్లాజెల్లాతో సహా ఎక్కించుకొచ్చింది. ఇంకోసారి సముద్రపు దొంగల కోసం నెలల తరబడి కాపలా కాసింది. ఇవన్నీ వాళ్ల రికార్డు పుస్తకాల్లో ఉంటాయి. మా అత్త దగ్గర మాత్రం తెప్ప ముక్కు మీద పొరలు పొరలుగా ఉన్నాయి.

"ఇక్కడ చెక్కకి రాస్తే అక్కడ ఇనుముకి తెలుస్తుందా అత్తా?" అని నవ్వేదాన్ని.

"నీ ఫోనుకి తీగున్నాదేటి?" అంది ఒకరోజు. సైన్సు టీచర్ని, ఫోను తీసి సంచిలో పడేసుకున్నాను.

ఆఖరికి ఆ ఓడ పని నుంచి తప్పుకునే రోజొచ్చింది. రేపు సాయంత్రం జెండా దించేస్తారు, ఇంటివాళ్లు రావచ్చు అని మా ఆయన ఫోను చేశాడు. మా అత్త కళ్లు తుడుచుకుంది. "ఇన్నేళ్లూ నా కొడుకుని తీసుకెళ్లి తెచ్చింది. ఒక్కపాలైనా నా సేత్తో దానికి బొట్టెట్టనేదు. నన్ను తీసుకెళ్లే" అంది. అంత బతిమాలుకోవడం నేనెప్పుడూ వినలేదు. మర్నాడు దాచుకున్న పొందూరు చీర కట్టుకుని, సంచిలో కొబ్బరికాయ, పసుపు, కుంకం పెట్టుకుని నాతో విశాఖ బస్సెక్కింది.

నౌకాదళం గేటు దగ్గర సంచి ఉంచేయమన్నారు. పొడులూ కాయలూ లోపలికి కుదరవు, వెళ్లేటప్పుడు తీసుకోండి అని మర్యాదగానే చెప్పారు. మా అత్త గొడవ పడకుండా సంచి వాళ్ల చేతికిచ్చేసింది. నాకు అదే భయం వేసింది.

ఓడ ఎక్కేముందు చెప్పులు విప్పేసింది. పడవలోకి చెప్పులతో ఎవరెక్కుతారంటుంది. అక్కడ కాపలా ఉన్న కుర్ర సెయిలరు ఆ జత చెప్పుల పక్కన అటెన్షన్లో నిలబడ్డాడు. తెల్ల యూనిఫాంలో మా ఆయన ఎదురొచ్చి, "అమ్మా, పెయింటు ముట్టుకోకు" అన్నాడు ముందుగా. ఓడ మీద తాళ్లు, రంగులు ఆయన పని. సెలవుకొచ్చినా మా ఇంటి గేటుకి రంగులేస్తూనే ఉంటాడు.

ఓడ ముక్కు దాకా నడిచాం. కొసన జెండా కర్ర ఉంది. దాని మొదట్లో కూలబడి, మా అత్త రెండు చేతులూ తెరిచి చూసుకుంది. "ఉత్త సేతుల్తో వచ్చినానే" అని ఏడ్చేసింది.

ఎంత సిగ్గేసిందో నాకు. ఇన్నేళ్లూ నవ్వాను. ఆ తెప్ప దగ్గరకి ఒక్కసారైనా తోడు వెళ్లలేదు. ఇంకేం తోచక నా నుదుటి మీది స్టిక్కరు పీకి చూపించాను. "ఇదుంది అత్తా."

తిడుతుందనుకున్నాను. చేపలు కోసి కోసి కాయలు కాసిన వేళ్లతో ఆ స్టిక్కరు తీసుకుంది. అది వేలిని వదలదు. రెండుసార్లు అంటించబోతే రెండుసార్లూ వేలితోనే వచ్చేసింది. ఏడుస్తూనే నవ్వొచ్చేసింది ఇద్దరికీ. మూడోసారికి ఆ బూడిదరంగు ఇనుము మీద ఎర్రగా నిలిచింది. "ఎల్లొచ్చినావు. నా కొడుకుని తెచ్చి నాకిచ్చినావు. ఇంక కూకో తల్లీ" అంది ఓడతో.

వెనకే మా ఆయన నిలబడున్నాడు. పెయింటు మీద వేలిముద్ర పడితేనే గంట సేపు గొణిగే మనిషి. అయిపోయింది మన పని అనుకున్నాను. ఆయన అటూ ఇటూ చూసి, వంగి, ఆ స్టిక్కరు మీద బొటనవేలు గట్టిగా అదిమి పెట్టాడు. ఆ పైన ఓడ వెనక వైపు జెండా దించే చోటికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆయన కొత్త ఓడ మీద ఉన్నాడు. మొన్న మా అత్త అరసవల్లి గుడికెళ్లి, వస్తూ వస్తూ నాకో స్టిక్కర్ల అట్ట తెచ్చింది. జిగురు గట్టిగా ఉన్నవే ఏరి తెచ్చిందట.

ఆ సాయంత్రం ఓడ మీద తీసిన ఫోటో మా హాల్లో ఉంది. అందులో నా నుదురు బోసిగా ఉంటుంది. ఒకరోజు పక్కింటావిడ అది చూసి, "ఏటమ్మా, నీ కోడలు బొట్టు నేకుండా నిలబడింది?" అంది. వంటింట్లో నేను గరిట ఆపి చెవి ఒగ్గాను.

"దాని బొట్టు పడవకెట్టింది," అంది మా అత్త. "నీ కోడలు ఎట్టిందేటి?"