నాలుగో అంతస్తు ఎర్ర తీగ

అశోక్‌నగర్‌లో డ్యూటీకి చేరింది ఒక సోమవారం, ఉదయం ఎనిమిదిన్నరకు. సన్నగా వాన. సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో ఇరవై రెండేళ్లు తీగలు పరిచి, హవల్దారుగా రిటైరై వచ్చాను. ఈ పోస్టింగ్ నాలుగు నెలలే. చిక్కడపల్లిలో మా వీధివాళ్లు సరిహద్దు కబుర్లు చెప్పమంటారు. నాకు నిద్ర లేకుండా చేసింది మాత్రం ఈ బిల్డింగే.

ఐదంతస్తులు. మెట్లు ఒక్కటే దారి, వెడల్పు మూడడుగులు. కింద జిరాక్స్ షాపు. పైన నాలుగంతస్తులూ స్టడీ హాళ్లు. గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లు పొద్దున ఆరింటికే వచ్చి ప్లైవుడ్ గడుల్లో కూర్చుంటారు. నాలుగో అంతస్తులో అరవై గడులు. అందరూ తలుపుకు వీపు పెట్టి, చెవుల్లో ఇయర్ ప్లగ్గులు దూర్చుకుని చదువుతారు. పక్కవాడు తుమ్మితే చూపులతోనే కాల్చేస్తారు. నేను సూపర్‌వైజర్ని. ఇచ్చిన సామగ్రి: వాకీటాకీ, టార్చి, తాళాల గుత్తి. తీగలు పరీక్షించే టెస్టర్ నా సొంతం.

మొదటిరోజే పైపు చూశాను. కింది నుంచి నాలుగో అంతస్తుకు పోయే పాతిక మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పైపు. తీగలు రెండు దాటితే పైపు లోపలి జాగాలో నూటికి నలభై వంతులే నింపాలి. మిగతాది ఖాళీగా వదలాలి. అప్పుడే కొత్త తీగ పాతవాటిని ఒరుసుకోకుండా జారుతుంది. సైన్యంలో మా ఉస్తాదు ఈ లెక్క వీపు మీద కొట్టి నేర్పాడు. ఆ పైపుకు నెట్ కేబుళ్లు ఐదు చాలు. ఎనిమిది ఉన్నాయి. వాటి మధ్య నలిగిపోతూ సన్నని ఎర్ర తీగ. నాలుగో అంతస్తు ఫైర్ అలారానికి వెళ్లేది అదే. ఇయర్ ప్లగ్గుల్లోంచి కూడా వినపడే మోత ఆ హాల్లో ఆ అలారం హూటర్‌ది ఒక్కటే.

నాలుగో నెలలో ఓనర్ వచ్చాడు. గుంటూరు వైపు కుటుంబం, మాట మెత్తన.

"హవల్దార్ గారూ, నాలుగో ఫ్లోర్‌లో ఇంకో రెండు కెమెరాలు పెట్టాలండి. రేపటికల్లా అయిపోవాలి."

"పైపు నిండిపోయింది సార్. ఇంకో పైపు వెయ్యాలె. రెండు దినాలు హాల్ బంద్ పెట్టాలె."

"పరీక్షలు నెత్తిమీదున్నాయి, హాలెలా మూస్తామండీ? నా ఆర్డర్ అనుకోండి."

ఆర్డర్ అన్న మాట వినగానే నా మడమలు వాటంతటవే కలిశాయి. కాదని చెప్పాల్సిన నోరు "యస్ సార్" అంది. అందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మర్నాడు ఉదయం ఏడున్నర. మా బిల్డింగ్ ఎలక్ట్రీషియన్ పైనుంచి తీగలు వదులుతున్నాడు. నేను కింద లాగుతున్నాను.

"సబ్బునీళ్లు పోసిన అన్నా. గుంజు."

"వస్తలేదు. మస్తు టైటున్నది."

"జర జోర్‌గ గుంజన్నా, వస్తది."

గోడకు కాలు తన్నిపెట్టి లాగాను. పైపులో ఏదో పుటుక్కుమన్నట్టు చేతికి తెలిసింది. తీగలు వచ్చేశాయి. కింద మానిటర్‌లో కొత్త కెమెరాల బొమ్మ అద్దంలా కనిపించింది.

తీగ లాగాక పాత లైన్లన్నీ కూడా పరీక్షించాలి. సైన్యంలో అది తప్పితే శిక్ష. నేను కొత్తవి రెండే పరీక్షించాను. హూటర్ మోగిస్తే అరవై మంది చదువు చెడుతుందని, ఆదివారం చూద్దామనుకున్నాను.

ఆదివారం రాకముందే శుక్రవారం వచ్చింది. మధ్యాహ్నం మూడూ పది. మెట్ల కింద జిరాక్స్ షాపు కాగితం కట్టలు అంటుకున్నాయి. పొగ మెట్ల వెంట పైకి పాకింది. మూడు అంతస్తుల్లో హూటర్లు మోగాయి. జనం దగ్గుతూ దిగుతున్నారు. నాలుగో అంతస్తు నుంచి ఒక్కరూ రాలేదు. మానిటర్ వైపు చూశాను.

వాకీటాకీలో ఎలక్ట్రీషియన్ గొంతు: "అన్నా, ఫైరింజన్ నారాయణగూడ ఫ్లైఓవర్ కాడ ట్రాఫిక్‌ల ఇరుక్కున్నదంట!"

"నువ్వు కిందోళ్లని బయటికి పంపు. నేను పైకి పోతున్న."

ముఖానికి తడి తువ్వాలు కట్టి ఎక్కాను. ఒక్కొక్కరి భుజం పట్టి లేపాను. మెట్ల నిండా పొగ, కిందికి దారి లేదు. అందరినీ టెర్రస్ మీదికి తోలాను. మూడూ ఇరవై ఆరుకు తలలు లెక్కపెట్టాను. అరవై. ఫైరింజన్ వచ్చి మంటలార్పాక అందరూ దిగారు. ఒక అమ్మాయి మాత్రం పొగ మింగి వారం రోజులు ఆస్పత్రిలో ఉంది.

తర్వాత పైపు కోయించాను. ఎర్ర తీగ రెండు ముక్కలు. ఓనర్‌కు చూపించి, తెంపింది నేనేనని చెప్పాను. "ఆ మాట బయట అనకండి, మీకూ నాకూ మంచిది కాదు," అన్నాడు. తాళాల గుత్తి బల్ల మీద పెట్టి, చిక్కడపల్లికి నడిచి వచ్చేశాను. అరవై ప్రాణాలు కాపాడిన ఫౌజీ అని మా వీధివాళ్లు శాలువా కప్పారు. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా నోరు విప్పలేదు. ఇప్పుడు విప్పుతున్నాను.

కళ్లు మూస్తే ఆ మానిటరే కనిపిస్తుంది. నేను లాగిన తీగే కదా, బొమ్మ చాలా స్పష్టంగా ఉంది. తలుపు సందులోంచి పొగ లోపలికి వస్తోంది. అరవై వీపులు. ఎవరూ వెనక్కి తిరగడం లేదు. చివరి వరసలో ఒక అమ్మాయి వేలు తడి చేసుకుని పేజీ తిప్పుతోంది.