తాళంచెవి బాపట్లలో ఉంది

అమ్మ ట్రంకు పెట్టె తెనాలిలో నా గదికి చేరిన మొదటి వారంలోనే దాని మూత సందులో పెట్టి మీటబోయి ఒక అట్లకాడ విరిచాను, ఒక స్క్రూడ్రైవర్ వంచాను, కత్తెర జారి బొటనవేలు కోసుకున్నాను. పెట్టె మాత్రం తెరుచుకోలేదు. మూత ముందు అంచు ఒక పక్క పెదవిలా పైకి లేచింది, అంతే. ఆ సందులోంచి ఫోన్ టార్చ్ వేసి చూస్తే లోపల నీలం గుడ్డ ఒకటి కనిపించేది. ఏం గుడ్డో తెలిసేది కాదు.

తాళంచెవి పోయి కాదు. అది బాపట్లలో మా పిన్ని నడుముకి దోపుకునే తాళాల గుత్తిలో ఉంది. అడిగితే ఇస్తుంది. అడగాలంటే మాట్లాడాలి. మేమిద్దరం మాట్లాడుకుని అప్పటికి అయిదు నెలలు.

నాన్న నా చిన్నప్పుడే పోయాడు. హైదరాబాద్‌లో నేనూ అమ్మే. జబ్బు ముదిరాక అమ్మ "మా చెల్లి దగ్గర కొన్నాళ్లుంటాన్రా" అని బాపట్ల వెళ్లిపోయింది. వెళ్తూ ఈ పెట్టె కూడా పట్టుకెళ్లింది. ప్రతి శనివారం వస్తానన్నాను. రెండు శనివారాలు వెళ్లాను. ఆ తర్వాత పని, పని లేకపోతే ఇంకోటి. ఫోన్ చేసేవాడివా అని ఎవరైనా అడిగి ఉంటే, చేసేవాణ్ణనే చెప్పేవాణ్ణి. ఒకరోజు తెల్లారి పిన్ని నుంచి ఫోన్ వచ్చింది. నేను బస్సు దిగి వెళ్లేసరికి వీధిలో టెంటు వేసేశారు, అమ్మని ఐస్ పెట్టెలో పెట్టేశారు.

అప్పటినుంచి నాకు తెలియాల్సింది ఒక్కటే. చివర్లో అమ్మ నా గురించి ఏమంది?

పిన్నిని ఆ పదకొండు రోజులూ అడిగాను. బియ్యం ఏరుతుంటే అడిగాను, మిషను దగ్గర జాకెట్టుకి హెమ్మింగు చేసుకుంటుంటే అడిగాను. "ఏమీ అనలేదురా" అనేది. హైదరాబాద్ వెళ్లాక ఫోన్‌లో అడిగాను. "నిద్రలోనే ఉండేదిరా ఎక్కువగా" అనేది. ఆ చెప్పే తీరులో ఏదో దాస్తోందని నాకు తెలిసిపోయేది. ఎంత గుచ్చి గుచ్చి అడిగితే అంత బిగుసుకుపోయేది. కొన్ని నెలలకి కంపెనీ వాళ్లు పొలాల సర్వే పని మీద డెల్టాకి ఎవరు వెళ్తారని అడిగితే, ఆఫీసులో ఎవరూ చెయ్యెత్తనిది నేను ఎత్తాను. తెనాలిలో ఉంటే బాపట్లకి ఒక్క రైలు. దగ్గరుండి ఎలాగైనా చెప్పించాలనుకున్నాను.

గది కుదిరిన మొదటి ఆదివారమే వెళ్లాను. పిన్ని చేపల పులుసు పెట్టింది. తిని చెయ్యి కడుక్కోకముందే మొదలుపెట్టాను.

"అడక్కురా ఇంక" అంది పిన్ని.

"చెప్పేదాకా అడుగుతా. నన్ను తిట్టిందా? తిడితే తిట్టిందని చెప్పు."

"తిట్టలేదు."

"మరి ఏడ్చిందా?"

పిన్ని లేచి కంచం తీసింది. నేను ప్లాస్టిక్ స్టూలుని కాలితో తన్నాను. అది వెళ్లి కుట్టు మిషనుకి తగిలింది. "అసలు అమ్మని ఇక్కడికి రమ్మంది నువ్వే. నా దగ్గరుంటే ఇంకో ఆర్నెల్లు బతికేది" అన్నాను. అది నిజం కాదని నోట్లోంచి వస్తుండగానే నాకు తెలుసు. పక్కింటావిడ పిట్టగోడ మీంచి చూస్తోంది. అన్న మాట వెనక్కి తీసుకోవడం చేతకాక, ఇంట్లోకి వెళ్లి మంచం కింద నుంచి అమ్మ పెట్టె ఈడ్చుకొచ్చి ఆటోలో పడేశాను. పిన్ని గుమ్మంలో నిలబడి నడుము దగ్గర గుత్తి తడుముకుంటూ, "తాళంచెవి..." అంది.

"అక్కర్లేదు" అన్నాను.

ఆ పెట్టెని అదే ఆటోలో స్టేషను దాకా తెచ్చి, అక్కడ తెలిసినాయన కొట్లో వదిలేసి, అయిదు నెలలు దాని వైపు చూడలేదు. గదికి తెచ్చుకుంది ఈమధ్యే, ఆయన కొట్టు ఖాళీ చేస్తున్నాడంటే.

తెనాలిలో నా బతుకు గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. మేడ మీద ఒక గది. ఇచ్చేటప్పుడు ఓనర్ గారు "ఒక్కడివేనా బాబూ?" అని మూడుసార్లు అడిగారు. పొద్దున రేపల్లె ప్యాసింజర్ ఎక్కడం, అక్కణ్నుంచి షేరాటోలో చెరుకుపల్లి వైపు వెళ్లడం, పొలానికి నాలుగు మూలలా నిలబడి యాప్‌లో ఫొటోలు తీయడం, తిరిగి రావడం. కర్రీ పాయింట్‌లో పప్పు, వేపుడు. స్టీలు గ్లాసుకి ఫోన్ ఆనించి వీడియో చూస్తూ తినడం. యాప్ పనిచెయ్యకపోతే కస్టమర్ కేర్ అమ్మాయి మీద అరిచేవాణ్ణి. కొన్ని రోజులు నేను మనిషితో గట్టిగా మాట్లాడింది అదొక్కటే.

స్క్రూడ్రైవర్ వంగిపోయాక, పెట్టె రిక్షాలో వేసుకుని బజారులో తాళాలు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్లాను. మెట్ల కింద చిన్న కొట్టు. తెల్ల గడ్డం, టోపీ. మా హైదరాబాద్ అలవాటులో "చాచా, జర జల్దీ ఖోల్ దో" అని ఉర్దూలో తొందరగా తెరవమన్నాను.

ఆయన కళ్లజోడు మీంచి చూసి, "ఏ ఊరు బాబూ మీది?" అన్నాడు.

"హైదరాబాద్."

"అదా సంగతి. నాకు తెలుగొచ్చండి. మా తాతల నాటి నుంచి ఈ బజార్లోనే." పెట్టె అంచు మీద వేలితో రాసి, "దీన్ని ఎవరు కొరికారు?" అన్నాడు.

"నేనే. ఎంత మీటినా రాలేదు."

"ఎవరి పెట్టె?"

"మా అమ్మది. పోయింది."

ఆయన చేతిలో ఉన్న ఆకురాయి పక్కన పెట్టాడు. "తాళంచెవి ఎక్కడో పడిపోయిందా?"

"లేదు. బాపట్లలో మా పిన్ని దగ్గరుంది."

"మరింకేం. బాపట్లేమన్నా బొంబాయా? వెళ్లి తెచ్చుకో."

"అవన్నీ మీకెందుకండీ? తియ్యడం వచ్చా, రాదా?" నా గొంతు లేచింది. పక్క కొట్లో చెప్పులు కుట్టే ఆయన తలెత్తి చూశాడు.

తాళాలాయన మాత్రం నవ్వాడు. వంకర తిరిగిన సన్నటి ఊచ ఒకటి చూపించి, "రెండు నిమిషాల పని. కానీ పోయినోళ్ల పెట్టె ఒక్క మనిషికి తియ్యను. ఆ ఇంటోళ్లు ఇద్దరుండాలి నా ఎదురుగా. మా నాన్న పెట్టిన పద్ధతి. ఆయనొకసారి ఒక్కడికే తీసిచ్చాడంట. తెల్లారి వాడి అన్నొచ్చి, ఇందులో మా అమ్మ గొలుసుండాలి, ఏది సాయిబూ అన్నాడంట. అయిపోయిందిగా ఆయన పని!" అన్నాడు.

"ఇద్దరు లేరండీ. నేనొక్కణ్ణే."

"ఎవరో ఒకరుంటారు బాబూ. అన్నో, బాబాయో, అత్తో. ఫోన్ చేసి పిలువు, చేతిలోనే ఉందిగా. ఇదిగో, ఆ బల్ల మీద కూర్చో."

కూర్చున్నాను. ఫోన్‌లో నంబర్లు పైనుంచి కిందికి జరిపాను. మొదట్లోనే అమ్మ. ఆ నంబరు ఇంకా తీసెయ్యలేదు. తర్వాత ఏసీ మెకానిక్. పాత ఆఫీసు వాళ్లు. రూమ్ బ్రోకర్, రూమ్ బ్రోకర్ రెండు. వాటర్ క్యాన్. బిర్యానీ. నాతో పాటు చదివినవాళ్లు, పెళ్లిళ్లకి గ్రూపులో పిలిచినవాళ్లు. ఏడెనిమిది వందల పేర్లున్నాయి. వీళ్లలో ఎవరికైనా ఫోన్ చేసి, తెనాలి బజారుకొచ్చి మా అమ్మ పెట్టె పక్కన కాసేపు కూర్చో అని అడగగలనా? చివరిదాకా వెళ్లి మళ్లీ పైకి జరిపాను. ఇంటి మనిషి అనదగ్గ పేరు ఒక్కటే ఉంది. తాళాలాయన ఎవరికో గొళ్లెం బిగిస్తూ మధ్యమధ్యలో నా వైపు చూస్తున్నాడు. టీ తెప్పించాడు. తాగి, పెట్టె మళ్లీ రిక్షాలో వేసుకుని వచ్చేశాను.

మర్నాడు చెరుకుపల్లి దగ్గర గట్టు మీద నిలబడి మూడో మూల ఫొటో తీస్తుంటే, పొలం ఆయన "ఏం బాబూ, చేనుకి అన్ని వైపులా ఫొటోలు తీస్తున్నావ్, పెళ్లి సంబంధమేమన్నా చూస్తున్నావా దానికి?" అన్నాడు. చుట్టుపక్కల నాట్లేసేవాళ్లు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఈ మాట ఎవరికైనా చెప్పాలనిపించింది. ఎవరికి చెప్తానో తెలియక ఫోన్ తెరిచి, పిన్ని పేరు మీద ఆగాను. "పిన్నీ" అని కొట్టి చెరిపేశాను. "సారీ" అని కొట్టి చెరిపేశాను. చివరికి అంచు లేచిపోయిన పెట్టె ఫొటో ఉంటే, ఒక్క మాట కూడా రాయకుండా అది పంపించాను.

రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఆ తర్వాత ఏమీ లేదు. నాలుగో మూల ఫొటో అయింది, షేరాటో అయింది, రేపల్లెలో రైలెక్కాను. బండి కదిలాక వాయిస్ మెసేజ్ వచ్చింది. పదకొండు సెకన్లు. మొదట మిషను తిరుగుతున్న చప్పుడు. అది ఆగింది. ఊపిరి. ఆ తర్వాత:

"ఏం చేశావురా దాన్ని? ఆదివారం వస్తా. అప్పటిదాకా ముట్టుకోమాక."

తెనాలి వచ్చేలోపు అది ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఎదురు సీటావిడ "ఎవరండీ, అమ్మగారా?" అంది. "పిన్నండీ" అన్నాను.

ఆదివారం పొద్దున పిన్ని సంచీతో రైలు దిగింది. "చిక్కావేంట్రా" అంది. "నువ్వూనూ" అన్నాను. గదికొచ్చాక నాలుగు వైపులా చూసి, "గిన్నెలేవిరా?" అంది.

"కర్రీ పాయింట్ ఉంది పిన్నీ."

"ఉంటే? ఆ కవర్లలోనే పోసుకుని తింటావా?"

పెట్టె ముందు కింద కూర్చుంది. లేచిపోయిన అంచుని అరచేత్తో నొక్కి చూసింది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది. గుత్తిలోంచి తాళంచెవి తీసి దూర్చింది. అది తిరగలేదు. రెండు చేతులతో పట్టుకుని తిప్పింది. రాలేదు.

"నేను తిప్పుతా, జరుగు" అన్నాను.

"నీ బలం చూశాలే. ఎక్కి కూర్చో."

"ఏంటి?"

"మూత మీదరా. చిన్నప్పుడు కూర్చునేవాడివి కాదూ, మీ అమ్మ తాళం వేసేటప్పుడు?"

వేసవి సెలవులకి బాపట్ల వెళ్లే ముందు అమ్మ ఈ పెట్టెని పట్టినంతకంటే ఎక్కువ కుక్కేది. మూత పడేది కాదు. "ఎక్కరా బరువూ" అని నన్ను ఎత్తి పైన కూర్చోబెట్టి, కింద మోకాళ్ల మీద కూర్చుని తాళం వేసేది. నా మడమలు రేకుకి కొట్టుకుంటే "కదలకు, కదలకు" అనేది. ఇదంతా నాకు తెలిసిందే. ఆ వారమంతా ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

ఎక్కి కూర్చున్నాను. ఇరవయ్యారేళ్లవాణ్ణి, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. "ముందుకి జరుగు. ఇంకాస్త. కదలమాక" అంది పిన్ని. "అసలు బరువేమన్నా ఉందంట్రా నీలో?" టక్‌మంది. వారం రోజులు నేను పైకి లేపాలని చూసిన మూత, కిందికి నొక్కితే వచ్చింది.

లోపల రెండు నేత చీరలు, దుప్పటి, ఆస్పత్రి కాగితాలు, నాఫ్తలీన్ ఉండలు. నీలం గుడ్డ దిండు గలీబు. దానికోసమా వేలు కోసుకుంది అనిపించింది. పిన్ని ఒక్కోటీ తీసి ఒళ్లో పెట్టుకుని మళ్లీ మడత పెడుతోంది. నేను గోడకానుకుని కూర్చున్నాను. అడగలేదు. నోటిదాకా వచ్చింది, కానీ ఆమె ఆ గలీబు మూలలు సరిచేస్తున్న తీరు చూసి ఊరుకున్నాను. ఫోన్ మోగింది. కట్ చేశాను.

రెండో చీర మడత పెడుతూ పిన్ని తనంతట తనే అంది.

"రోజూ సాయంత్రం లేవగానే అడిగేదిరా, వాడు ఫోన్ చేశాడా అని. నువ్వు నిద్రలో ఉన్నప్పుడు చేశాడక్కా, లేపొద్దన్నాడు అని చెప్పేదాన్ని."

నేను గోడ వదిలి ముందుకి జరిగాను.

"రోజూ అదే చెప్పేదాన్ని. నమ్మినట్టే ఉండేది. చివరి రోజు సాయంత్రం మాత్రం, 'ఈసారి చేస్తే నన్ను లేపవే' అంది." చీర పెట్టెలో పెట్టింది. "అంతేరా. నిన్నేమీ అనలేదు. ఈ ముక్క నీకెలా చెప్పమంటావ్?"

చేతిలో ఫోన్ ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. నేల మీద పెట్టాను. కోపం వస్తుందేమో అని చూశాను. అలవాటుగా అది రావాలి. రాలేదు. "ఆరోజు నేనన్న మాట..." అన్నాను. "తెలుసులే" అంది పిన్ని. "పోయి కూరగాయలు పట్రా. ఇంటివాళ్లని ఒక గిన్నె అడుగుతా."

పెట్టె ఇక సరిగా మూతపడలేదు. నేను ఎక్కి కూర్చున్నా ఆ లేచిన అంచు కిందికి రాలేదు. బజార్లో తాళాలాయన పెట్టిన షరతు చెబితే, ఆ సాయిబు గారి దగ్గరికే తీసుకెళ్లి కొట్టించమంది పిన్ని. ఇప్పుడు ఇద్దరు లేరని అనడుగా, అని వెళ్లేముందు తాళంచెవి గుత్తిలోంచి తీసి నాకిచ్చింది.

మూడింటి బండికి ఎక్కించాను. ఏడింటికి, చేరిందో లేదో అని ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక పక్కింటావిడ ఎత్తింది. పిట్టగోడ మీంచి చూసినావిడే. జాకెట్టు కోసం వచ్చిందట.

"మీ పిన్ని ఇందాకే నడుం వాల్చిందబ్బాయ్. రైల్లో అలిసిపోయినట్టుంది, మంచి నిద్రలో ఉంది. పొద్దున చేస్తావా, లేపమంటావా?"

"లేపండి" అన్నాను.