సగటు మాటున విల్లోబెండ్

మా ఆఫీసులో ఎవరైనా లెస్యా హ్రిత్సాక్ దగ్గరికి ఒక అంకె పట్టుకెళ్తే ముందు కాఫీ పోస్తుంది, ఆ తర్వాత ప్రాణం తీస్తుంది. "ఇది ఏ ఊరిది? ఏ ఏడాదిది?" అని అడుగుతుంది. "ఇంటర్నెట్లో దొరికింది" అన్నామా, అయిపోయామే. ఊరూ పేరూ లేని అంకెను ఆమె తన కంప్యూటరు గడప తొక్కనివ్వదు. నాది అమ్మకాల పని. కొనేవాడికి నచ్చే మాట చెప్పి బతికేవాణ్ణి. అలాంటి నా బల్లకి ఎదురుగా ఆమె బల్ల వేశారు, చాలా ఏళ్ళ క్రితం. ఎవరి మీద కక్షతో వేశారో ఇప్పటికీ తెలియదు.

మాది ఓట్స్ ధాన్యం ఆడించే కంపెనీ. ఆఫీసు కెనడాలోని విన్నిపెగ్‌లో. మిల్లులు రెండు: ఒకటి ఇక్కడే మానిటోబా రాష్ట్రంలో, కార్లో క్రీక్ దగ్గర. రెండోది పక్కనున్న సస్కాచెవాన్‌లో, విల్లోబెండ్‌లో. మా మిల్లులు ఏడాదికి ఎంత పొగ ఆకాశంలోకి వదులుతున్నాయో లెక్క కట్టడం లెస్యా పని. పొగను ఎవరూ పట్టుకుని తూచరు. మిల్లు ఎంత కరెంటు తాగింది, ఎంత గ్యాసు కాల్చింది అన్నది తీసుకుని, యూనిట్‌కి ఇంత పొగ అని పట్టికల్లో ఉండే గుణకంతో హెచ్చవేస్తారు. అంతే. కానీ ఆ పట్టికలు ఒకటి కాదు. దేశమంతటికీ సగటు కట్టినది ఒకటి, రాష్ట్రాల వారీగా ఉన్నది ఇంకొకటి, డబ్బు పెట్టి కొనుక్కునేవి మరికొన్ని. ఏ పట్టిక పట్టుకుంటే ఆ జవాబు వస్తుంది.

మా కంపెనీలో ఎవరో మహానుభావుడు మొదట్లో దేశం సగటు పట్టుకున్నాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా దాన్నే దింపుకుంటూ పోయారు. దాని మీద లెస్యా చెయ్యని గొడవ లేదు.

"సగటు ఊళ్ళో ఏ మిల్లూ తిరగదు గార్త్. ప్రతి మిల్లుకీ ఒక ఊరుంటుంది. ఆ ఊరి కరెంటే అది తాగుతుంది" అనేది నాతో.

"నాకెందుకు చెప్తావు తల్లీ? నన్ను అమ్ముకోనివ్వు" అనేవాణ్ణి.

రాష్ట్రాల పట్టిక వాడదామని ఏటా మీటింగులో అడిగేది. మా పెద్దాయన ఫ్రీసెన్ గారు ఏటా వాచీ చూసుకుని, "వచ్చే ఏడు చూద్దాం లెస్యా" అనేవారు.

విల్లోబెండ్ ఆమె సొంత ఊరు. అక్కడి మిల్లులో యంత్రాలన్నీ ఆమె తమ్ముడు ఒరెస్ట్ చేతిలో ఉంటాయి. పాత మోటార్లన్నీ పీకేసి కొత్తవి పెట్టించాడు. గాలి గొట్టాల్లో చిల్లులు వెతికి వెతికి మూయించాడు. టన్ను ఓట్స్‌కి వాళ్ళు వాడే కరెంటు కార్లో క్రీక్ కంటే తక్కువ. ఆ మాట మాకు చెప్పడానికే ఫోన్లు చేసేవాడు.

"గార్త్ బావా, మీ కార్లో క్రీక్ వాళ్ళు ఇంకా తాతలనాటి మోటార్లే తిప్పుతున్నారా? పాపం, ఎవరైనా వెళ్ళి చూసిరండయ్యా" అనేవాడు. నేను అతనికి బావనెలా అయ్యానో దేవుడికే తెలియాలి.

నిరుడు వేసవిలో ఒక పెద్ద బిస్కెట్ల కంపెనీ నుంచి కబురొచ్చింది. మీ రెండు మిల్లుల్లో టన్నుకి తక్కువ పొగ దేనిదైతే ఆ మిల్లు ఓట్సే కొంటాం, ఏ పట్టికతో లెక్క కట్టారో కూడా రాయండి అన్నారు. ఆ ఆర్డరు దొరికితే విల్లోబెండ్ మిల్లులో రెండో షిఫ్టు నిలబడుతుంది. దొరక్కపోతే మూసెయ్యాలి. ఒరెస్ట్ మనుషుల్లో సగంమంది ఆ షిఫ్టులోనే ఉన్నారు. సగటు లెక్కలో విల్లోబెండ్ ఎప్పుడూ ముందే ఉంది కదా అని నేను ఒరెస్ట్‌కి అప్పుడే శుభాకాంక్షలు చెప్పేశాను. నా నోరు అలాంటిది.

పట్టిక పేరు బయటివాళ్ళు చూస్తారని తెలిశాక ఫ్రీసెన్ గారు దిగొచ్చారు. "సరే లెస్యా, ఈసారి నువ్వన్న పట్టికతోనే కట్టు" అన్నారు. ఆమె మొహం వెలిగిపోయింది.

"ఇన్నాళ్ళకి మావాళ్ళ కష్టం ఉన్నదున్నట్టు కనపడుతుంది గార్త్" అంది.

ఆ రోజు పొద్దున నేను డోనట్ తింటున్నాను. లెస్యా రాష్ట్రాల పట్టిక తెరిచి, రెండు గుణకాలూ ఎక్కించి, మీట నొక్కింది. నొక్కి, అలాగే ఉండిపోయింది. మామూలుగా లెక్క కుదిరితే బల్ల మీద వేళ్ళతో దరువేస్తుంది. దరువు లేదు. తలెత్తి చూశాను.

"ఏమైంది?" అన్నాను.

 లేచి ఆమె వెనక్కి వెళ్ళి చూశాను. చేతిలో డోనట్ చేతిలోనే ఉంది. కార్లో క్రీక్ అంకె దిగిపోయింది. విల్లోబెండ్ అంకె దానికి రెండింతలు దాటిపోయింది.

"తప్పు కొట్టావు. మళ్ళీ కొట్టు" అన్నాను.

మళ్ళీ కొట్టింది. అంతకు ముందు ఏడాది పట్టిక తీసి చూసింది. అదే. అప్పుడు చాలా మెల్లగా, తనకి తానే చెప్పుకుంటున్నట్టు అంది.

"ఇక్కడి కరెంటు నదుల్లోంచి వస్తుంది. అక్కడిది బొగ్గు, గ్యాసు కాల్చి తీసింది, ఆ పొగంతా మిల్లు ఖాతాలోకే వస్తుంది. మా బడి కిటికీలోంచి ఆ కరెంటు కేంద్రం పొగగొట్టం కనపడేది గార్త్. రోజూ దాన్ని చూస్తూ పెరిగాను. ఏ ఊరిది, ఏ ఊరిదని అందర్నీ పీక్కుతిన్నానే, మా ఊరి కరెంటు సంగతి నాకెందుకు తట్టలేదు?"

 నాకు కోపం ముంచుకొచ్చింది. "ఇక్కడితో ఆపెయ్. ఆ పాత సగటే పంపించు. ఇన్నాళ్ళూ ఎవరూ కాదనలేదుగా" అని అరిచాను.

ఫ్రీసెన్ గారు కూడా అదే మాట మర్యాదగా అన్నారు. "ఏ పట్టిక వాడామో కింద చిన్న అక్షరాలతో రాద్దాం. అబద్ధం చెప్పినట్టు కాదు. నీ ఇష్టానికే వదిలేస్తున్నాను లెస్యా."

"మా ఊరు గెలుస్తుందనుకున్నన్నాళ్ళూ సొంత పట్టిక కావాలన్నాను. ఓడిందని ఇప్పుడు సగటు అడగనా ఫ్రీసెన్ గారూ?" అంది.  కొత్త లెక్కే పంపింది. పంపేముందు తమ్ముడికి తనే ఫోన్ చేసి చెప్పింది. ఎదురు బల్ల దగ్గర నాకు అతని గొంతు వినిపిస్తూనే ఉంది.

"తక్కువ కరెంటు వాడేది మేము. ఎక్కువ పొగ మాదా? ఇదేం లెక్కక్కా?"

"ఎంత వాడావని ఒక్కటే కాదురా. ఎక్కడి నుంచి వస్తోందని కూడా చూడాలి."

"అయితే ఏం చెయ్యమంటావు? మీ నదిని బకెట్లతో మోసుకురానా?"

ఫోన్ పెట్టేశాడు. ఆర్డరు కార్లో క్రీక్‌కి వెళ్ళింది. అక్కడ ఒక్క మోటారూ మారలేదు, ఒక్క చిల్లూ మూయలేదు. నేను అమ్మకాలవాణ్ణి, ఎన్నో వింతలు చూశాను. ఇంత కష్టపడినవాడు ఓడి, కాలు కదపనివాడు గెలవడం, అదీ నిజం చెప్పినందువల్ల జరగడం చూసి నాకు మతిపోయింది. ఇప్పటికీ పూర్తిగా తిరిగి రాలేదు.

కోతలయ్యాక విల్లోబెండ్ హాల్లో ఊరంతా కలిసి భోజనం చేస్తారు. అక్కాతమ్ముళ్ళు ఏటా అక్కడ తినేవాళ్ళు, తిన్నాక వంటగదిలో ఆమె పళ్ళేలు కడిగితే అతను తుడిచేవాడు. ఈసారి వెళ్ళొద్దని చెప్పాను. వింటుందా? ఒక్కదాన్నే పంపలేక కారు నేనే నడిపాను. హాలు మెట్ల మీద నిలబడితే ఆ పొగగొట్టం స్పష్టంగా కనపడింది. రెండో షిఫ్టు మూసేస్తున్నట్టు ఆ వారమే చెప్పారట.

మేము లోపలికి అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయి. ఎవరూ తిట్టలేదు. పెరోగీలనే బంగాళాదుంప కుడుముల గిన్నె మా దాకా వచ్చింది, వడ్డించారు, తిన్నాం. తిట్టినా బాగుండేది. తినడం అవుతుండగా ఎదురు బల్ల నుంచి ఒరెస్ట్ లేచాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, అందర్నీ అడుగుతావుగా. ఈ రోజు నేనడుగుతున్నాను. నువ్వు ఏ ఊరిదానివి?"

   లెస్యా లేచి, చుట్టూ ఉన్న ఖాళీ పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని వంటగదిలోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. వంటగది తలుపు తీసే ఉంది. తొట్టి పక్కన కొక్కేనికి తువ్వాలు వేలాడుతోంది. ఆమె పళ్ళెం కడిగి పక్కన పెట్టింది. ఇంకొకటి కడిగి దాని మీద పెట్టింది.

ఒరెస్ట్ కదిలాడు. వంటగది వైపే నడిచాడు. తువ్వాలు అందుకుంటాడని హాల్లో అందరం అనుకున్నాం. ఆమె కూడా అనుకుని ఉంటుంది, తడి పళ్ళెం చేత్తో పట్టుకుని అతని వైపు చాచింది.

తలుపు పక్క మేకుకి ఉన్న టోపీ తీసుకుని అతను బయటికి వెళ్ళిపోయాడు. ఆమె ఆ పళ్ళెం అలాగే పట్టుకుని నిలబడింది.