ఆపేసిన స్కాలర్‌షిప్‌కి వచ్చిన అప్లికేషన్

హైటెక్ సిటీలో మా ఆఫీసు లిఫ్టు దానంతటదే ఆరో అంతస్తులో ఆగుతుంటే అందరూ దయ్యమన్నారు. నేను మెయింటెనెన్స్ వాళ్లకి కంప్లైంట్ పెట్టాను. అలాంటిదాన్ని. ఇప్పటికీ దయ్యాల్ని నమ్మను. జరిగింది మాత్రం చెప్తాను.

మా తమ్ముడు శ్రీకర్ ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్. విమానం కూలి చనిపోయాడు. ఆఖరిసారి వాడు ఫోన్ చేసినప్పుడు నేను మీటింగ్‌లో ఉన్నాను. "తర్వాత చేస్తా" అని మెసేజ్ పెట్టాను. చెయ్యలేదు.

వాడి పేరున ఏటా ఒక ఆడపిల్లని ఇంజనీరింగ్ చదివిస్తున్నాం. ప్రతిసారీ మైకు ముందు "కీర్తిశేషులు శ్రీకర్" అని చదవాల్సింది నేనే. నాలుగేళ్లు చదివాను. ఈ ఏడు నావల్ల కాలేదు. ఆపేద్దామన్నాను, మా ఆయన సరేనన్నారు. ఫారాలు వేయించలేదు. ఏ కాలేజీకీ చెప్పలేదు.

జూన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం గోపన్‌పల్లిలో మా ఫ్లాట్‌కి ఒక అమ్మాయి వచ్చింది. పేరు మౌనిక. వాళ్లమ్మ జీడిమెట్లలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుందట. చేతిలో నింపిన మా ఫారం. పాతదే. కానీ అందులో మా కొండాపూర్ అడ్రసు కొట్టేసి, పెన్నుతో ఈ ఫ్లాట్ అడ్రసు రాసి ఉంది. మేం ఇక్కడికి మారి అప్పటికి రెండు నెలలు.

"ఎవరిచ్చారమ్మా ఇది?"

"బాలానగర్ బస్టాప్‌ల ఒక సార్ ఇచ్చిండు మేడం. నేను చదువు బంద్ వెట్టి అమ్మతోని పనికి పోతున్న. 'మా అక్క ఇంట్లనే ఉంటది, పో' అన్నడు ఆ సారు."

స్కాలర్‌షిప్ ఆపేశామని చెప్పబోయాను. ఆ పిల్ల గోడ మీద యూనిఫాంలో ఉన్న శ్రీకర్ ఫొటో చూస్తోంది.

"ఈ సారే. గీ డ్రెస్సు లేకుండె గానీ."

వాడి ఫొటో పేపర్లలో వచ్చింది, అక్కడ చూసి ఉండొచ్చు. పాత ఫారం ఎవరి దగ్గరో మిగిలి ఉండొచ్చు. ఆ రాత వాడిదేనని ఒట్టేసి చెప్పలేను. కాదనీ చెప్పలేను. మా ఆయన తర్వాత ఆ పిల్ల ఇంటర్ చదివిన కాలేజీకి వెళ్లి కనుక్కున్నారు. అక్కడెవరికీ ఏమీ తెలియదు.

ఇవేవీ అప్పుడు నాకు తట్టలేదు. ఒక్కటే అడిగాను. "నాకేమైనా చెప్పమన్నాడా?"

ఆ పిల్ల పాపం బాగా గుర్తుచేసుకుంది.

"ఏం చెప్పలే మేడం. బస్సొచ్చింది, ఎక్కమన్నడు. గంతే."

మా స్కాలర్‌షిప్‌తోనే మౌనిక ఇంజనీరింగ్‌లో చేరింది. బాగా చదువుతోంది. నాకు సంతోషమే అని అందరితో అంటాను.

వచ్చింది వాడు కాదనుకుంటే, ఆ అడ్రసు ఎవరు రాశారో నాకు తెలియదు. వాడే అనుకుంటే అది ఇంకా ఘోరం. ముక్కూ మొహం తెలియని పిల్ల కోసం వచ్చినవాడు నా దగ్గరికెందుకు రాలేదు?

సెలవు పెట్టి ఆ బస్టాప్‌లో చాలా మధ్యాహ్నాలు నిలబడ్డాను. ఎవరూ రాలేదు.