ఒకే పొయ్యి మీద రెండు వీధుల సంగటి

సువార్తమ్మ జమ్మలమడుగులో పాట ఎత్తుకుంటే ప్రొద్దుటూరులో కంసాలుల సుత్తులు ఆ తాళానికే పడేవి. కాదన్నవాళ్లు ఆమె గొంతు విననివాళ్లు. పులివెందుల దాకా ఊరూరా నడిచి వాక్యం చెప్పే ఆ బైబిలమ్మకు ఎండంటే లెక్కలేదు, కుక్కలంటే భయం లేదు. ఉన్న బెంగల్లా ఒక్కటే. సొంత అన్న రత్నం ఆమె చేతి ముద్ద తినడు.

చర్చి ఒకటే అయినా దాన్ని ఆనుకుని వీధులు రెండు, కులాలు రెండు. సువార్తమ్మ కిందివీధిలో పుట్టి పైవీధి అబ్బాయిని చేసుకుంది. భర్త పోయాడు గానీ అన్న పట్టుదల పోలేదు. పెంతెకొస్తు పండగనాడు రెండు వీధులూ కలిసి ఒకే పాట పాడి, బయటికి రాగానే రెండు పొయ్యిల దగ్గర విడివిడిగా కూర్చునేవి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, ఒక పెంతెకొస్తుకు వంట తనదేనంది సువార్తమ్మ. పైవీధి పెద్ద ఏసోబు ఆమెకు బావ. ఆయన్ని నూకలు అడిగింది. కిందివీధి పెద్ద రత్నాన్ని రాగిపిండి అడిగింది. మిగతా సరుకు సంగతేమిటంటే ఇద్దరికీ ఒకటే జవాబు: "దేవుడు చూసుకుంటాడు లే."

పండగనాడు జనం బయటికి వచ్చి చూస్తే పొయ్యి ఒకటే. దాని మీద ఏనుగుపిల్ల స్నానం చేయగలిగేంత డేగిసా. ప్రొద్దుటూరులో పెళ్లిళ్లకు వండే జిలానీది. దాన్ని ఎవరి చేతికీ వదలలేక తానూ బండెక్కి వచ్చాడు. లోపల పైవీధి నూకలు కుతకుతమంటున్నాయి. పక్కన గంపలో కిందివీధి పిండి.

"ఏంది మే ఇది? మా పొయ్యి యాడ?" అన్నాడు రత్నం.

"ఇదే అన్నా. బావదీ ఇదే."

"మా నూకలు మాకు తీసియ్యి," అన్నాడు ఏసోబు.

"తీసుకో బావా. నువ్వు ఉత్త నూకలు తిను. మాయన్న ఉత్త పిండి బుక్కుతాడు. ఇప్పుడే గదా లోపల ఇన్యారు? మొదటి పెంతెకొస్తు పొద్దు ఏసయ్య శిష్యులు మాట్లాడితే ఎవురి బాసలో వాళ్లకు ఇనపడింది. ఎవురి బాసా పోలేదు. మీ నూకలు నూకలే, మీ పిండి పిండే. రెండూ కలవకుంటే సంగటి యాడ నుంచి వస్తాది?"

"తొందరగా తేల్చండప్పా," అన్నాడు జిలానీ. "అడుగంటితే నా డేగిసా తోమేది మీరిద్దరే!"

జనం నవ్వారు. సువార్తమ్మ నవ్వలేదు. ఆమె చూపంతా అన్న చేతుల మీదే ఉంది. ఆ గంప ఆయన ఎత్తకపోతే కిందివీధిలో ఇంకెవరూ ఎత్తరు.

రత్నం కాసేపు మీసం నలిపాడు. ఉన్నట్టుండి గంప ఎత్తి డేగిసాలో కుమ్మరించాడు.

"చూస్తాండారేంది? కెలకండి, గడ్డ కడతాది!"

ఏసోబు ఒక కట్టె అందుకున్నాడు. రత్నం ఇంకోటి పట్టాడు. ఒకరు ఇటు తిప్పితే మరొకరు అటు తిప్పారు. జిలానీ తల పట్టుకున్నాడు. ఆనాటి సంగటిలో గడ్డలు గండికోట ఫిరంగి గుండ్లంత ఉన్నాయి.

సువార్తమ్మ అన్న విస్తరిలో ముద్ద పెట్టింది. రత్నం కొరికాడు. గడ్డ తగిలింది. నమిలి మింగాడు.

"శానా గడ్డలుండాయి మే."

"మీరు కెలికినవే గదన్నా."

"సరే, ఇంకో ముద్ద ఎయ్యి."