పొట్టేలు కోసం చూసిన రంపం సినిమా

నాకు రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. చేసేదేమో బైకు మెకానిక్కు పని, చెయ్యి తెగడం రోజూ ఉండేదే. తెగినప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకుని గుడ్డ చుట్టేస్తాను. నలభై దాటినా ఈ జబ్బు పోలేదు. నరసరావుపేటలో మా షెడ్డు చుట్టుపక్కల అందరికీ ఈ సంగతి తెలుసు. తెలిసినవాళ్లంతా ఒక్కసారైనా నవ్వారు.

బక్రీదు నాడు మా ఇంట్లో పొట్టేలుని కోసేది నాయనే. ఆ పని చేసిపెట్టడానికి ఊళ్లో మనుషులున్నారు గానీ, కుర్బానీ ఇచ్చేవాడే తన చేత్తో కత్తి పెట్టాలన్నది ఆయన పట్టుదల. చేతకాకపోతే కనీసం దగ్గర నిలబడి చూడాలంటాడు. నేను చూడటం కూడా ఎగ్గొట్టేవాణ్ణి. సరిగ్గా ఆ వేళకే కొత్తిమీర తేవాలనో, మసాలా అయిపోయిందనో నాకు గుర్తొచ్చేది. నాయన ఒక్కసారీ నిలదీయలేదు.

కిందటేడు ఆయనకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. పండగ పది రోజులుందనగా నూజెండ్ల నుంచి పొట్టేలుని తెచ్చి కట్టేశాక, "ఈ ఏడు నువ్వేరా" అన్నాడు. ఆయన తక్కువ మాట్లాడినప్పుడు కాదనడం చానా కష్టం.

మా బావమరిది మాచర్ల నుంచి నాపరాళ్ల లారీ తోలుతాడు. లోకంలో వాడి దగ్గర మందు లేని రోగం లేదు.

"ఏంది బావా, దీనికింత ఆలోచన? రంపంతో కోసే డబ్బింగ్ సినిమా ఒకటి ఆడతంది, పోదాం పద. చానా ఘోరంగా ఉందంట. ఏ ఊళ్లోనో హాల్లోనే ఇద్దరు పడిపోయారంట. అది తట్టుకున్నావంటే నీకు పొట్టేలు ఒక లెక్కా?"

నవ్వే మాటే గానీ, నాకు అందులో న్యాయం కనిపించింది. కొత్త ఇంజన్ని ముందు మెల్లగా తిప్పి అలవాటు చేస్తాం కదా, ఇదీ అంతే అనుకున్నాను. మ్యాట్నీకి వెళ్లాం. గుండెజబ్బు ఉన్నవాళ్లు లోపలికి రావద్దని గేటు దగ్గర బోర్డు పెట్టారు. బావమరిది దాని పక్కన నిలబడి ఫోటో దిగాడు. కళ్లు తిరిగితే వాసన చూడటానికి నేను నిమ్మకాయ ఒకటి జేబులో వేసుకున్నాను.

కథ పెద్దగా లేదు. మూతపడ్డ కలప మిల్లులో ఆరుగురు స్నేహితులు చిక్కుకుంటారు. ముసుగువాడొకడు మోటారు రంపంతో వాళ్లని వరసగా కోస్తుంటాడు. పేరుకి తగ్గట్టు రక్తం ఉందా అంటే ఉంది, అబద్ధం ఆడకూడదు. ఒక్కో మనిషిలోంచి డ్రమ్ము నిండేంత వచ్చింది. మొదటి చావుకి నిమ్మకాయ బయటికి తీశాను. కాసేపటికి దాన్ని మళ్లీ జేబులో పడేసి, రంపం సంగతి ఆలోచించడం మొదలుపెట్టాను. ఏళ్ల తరబడి మూలన పడ్డ మిషను ఒక్క లాగుకి ఎలా స్టార్టవుతుంది? కార్బురేటర్ ఎండిపోయి ఉండదా? అందులో పెట్రోలు ఎవడు పోశాడు? పైగా గోడమీద పడ్డ రక్తం అరగంట గడిచినా షర్బత్తులా ఎర్రగానే ఉంది. నాకు కోపం కూడా వచ్చింది. ఇంత ఖర్చు పెట్టినవాళ్లు ఒక మెకానిక్కుని అడగలేకపోయారా అనిపించింది.

ఒక్కచోట మాత్రం ఒళ్లు జలదరించింది. పారిపోతున్న అమ్మాయి వేలు తలుపు సందులో పడి గోరు లేచిపోతుంది. రెండు క్షణాలే. హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. నా వేళ్లు నేనే ముడుచుకున్నాను. పేగులు ఎవరికి తెగాయి, గోరంటే అందరికీ ఎప్పుడో ఒకప్పుడు దెబ్బ తగిలిందే. సినిమా తీసినవాడికి ఆ సంగతి తెలిసినట్టు లేదు, వెంటనే మళ్లీ రంపం అందుకున్నాడు.

ఇంటర్వెల్ తర్వాత బావమరిది మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

"అయిపోయిందా బావా?"

"ఇంకో కాలు మిగిలింది. ఉండు."

రొమ్ము విరుచుకుని బయటికొచ్చాను. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని దారిలో కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. నా జబ్బు కుదిరిందనే నమ్మాను.

పండగనాడు నమాజు నుంచి వచ్చాక పొట్టేలుకి నీళ్లు పట్టారు. కసాయి దాన్ని పడమటికి తిప్పి పడుకోబెట్టి కాళ్లు పట్టుకున్నాడు. నాయన పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నా ఎడమచేతిని దాని గొంతుమీద పెట్టించాడు. వెచ్చగా ఉంది. నా వేళ్ల కింద నాడి కొట్టుకుంటోంది. సినిమాలో రక్తమంతా చూపించారు గానీ ఇది చూపించలేదు. ఒక్క చుక్క కారకముందే నాకు కళ్లు బైర్లు కమ్మాయి. గట్టిగా మూసుకున్నాను.

"కళ్లు తెరువు" అన్నాడు నాయన. "నువ్వు చూడకుండా కోస్తే దానికి నొప్పెక్కువైద్ది."

హాల్లో కళ్లు మూసుకుంటే ఎవరికీ ఏమీ కాదు. ఇక్కడ నేను మూసుకున్న పాపం దాని మెడకి తగులుతుంది. తెరిచాను. బిస్మిల్లా అనుకుని కత్తి లాగాను. అది కదలడం ఆగేదాకా చూశాను.

పడిపోలేదు గానీ గోడకి ఆనుకుని ఏడ్చాను. కసాయి చూస్తున్నాడని తెలిసి కూడా ఆపుకోలేకపోయాను, సిగ్గేసింది. నాయన నన్ను కుళాయి దగ్గరికి పిలిచి, ఎడమచేత్తో మగ్గు ఎత్తి నా చేతులమీద నీళ్లు పోశాడు. సినిమా సంగతి అప్పుడు చెప్పాను.

"అలవాటవుద్దని పోయా నాయనా."

నవ్వుతాడనుకున్నాను. ఆయన ఇంకో మగ్గు ముంచాడు.

"నాకెప్పుడూ అలవాటు కాలేదురా. అయిననాడు కత్తి కింద పెట్టేద్దామనుకున్నా. ఇన్నేళ్లూ పట్టుకునే ఉన్నా."