ముందు నిలబడదాం పదరా!

మా అక్క మొగుడికి తాగుడు లేదు, పేకాట లేదు, సినిమాల పిచ్చి అంతకన్నా లేదు. ఉన్నదొక్కటే జబ్బు. ఎక్కడ నలుగురు వరసగా కనిపించినా వెళ్ళి అయిదోవాడుగా నిలబడతాడు.

ఆ వరస దేనికో ఆయనకి అనవసరం. "దేనికి బావా ఇది?" అంటే, "ముందు నిలబడదాం పదరా. కనుక్కోవడం తర్వాత" అంటాడు. పరాయి దేశంలో ఇద్దరం ఒకే కంపెనీలో పనిచేసేవాళ్ళం. ఆయన టైల్స్ మేస్త్రి, నేను స్టోర్ గుమాస్తాని. ఉండేది ఒకే గది. కాబట్టి ఆయన ఎక్కడ నిలబడినా లాగేవి నా కాళ్ళు కూడా.

ఒకసారి గంటన్నర నిలబడి ముందుకెళ్తే, అది కుక్కలకి సూదిమందు వేసే లైను. డాక్టరమ్మ కళ్ళజోడు సర్దుకుని, "మీ కుక్క ఏదండీ?" అంది.

బావ తడుముకోకుండా నన్ను చూపించాడు.

ఆవిడ నన్ను తేరిపార చూసి, "కరుస్తుందా?" అంది.

"అన్నం దగ్గర మాత్రమే" అన్నాడు బావ.

అలాంటి మనిషి ఉన్న ఊళ్ళో కొత్తగా లైబ్రరీ తెరిచారు. నాలుగంతస్తులు, ఎటు చూసినా అద్దాలు. మొదటి సెలవురోజున జనం వీధి మలుపు దాకా బారులు తీరారు. అది చూడగానే బావ మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోయింది. లోపల ఇంకా ఘోరం. కార్డులకి లైను, సంచులు దాచుకునే అరలకి లైను, లిఫ్టుకి లైను. కాసేపు కనబడకపోతే వెతికాను. పిల్లలకి కథలు చెప్పే గది ముందు, మోకాలెత్తు పిల్లల మధ్య స్తంభంలా నిలబడి ఉన్నాడు.

"మీకు పాపా, బాబా?" అని అడిగింది లైబ్రరీ అమ్మాయి.

"బామ్మర్ది" అన్నాడు.

"ఒక్క పుస్తకమైనా తెరిచావా బావా?" అన్నాను బయటికొచ్చాక.

"పుస్తకాలెక్కడికి పోతాయిరా? లైను కదిలిపోతుంది గానీ!"

అప్పట్నుంచి ప్రతి సెలవురోజూ ఆయన మకాం అక్కడే. నేను మాత్రం గదిలో హాయిగా ముసుగుతన్నేవాణ్ణి. ఇలా ఉండగా, స్టోర్లో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి లైసెన్సు పరీక్షకి దరఖాస్తు పెట్టే ఆఖరి రోజు వచ్చింది. ఆ ఫారం నా ఫోనులో తెరుచుకుని చావలేదు. పరుగున లైబ్రరీకి వెళ్ళాను.

మూడో అంతస్తులో నాలుగు గాజు గదులున్నాయి. ఒక్కోదాంట్లో ఒక కంప్యూటరు. తలుపేసుకుని, ఊళ్ళో ఉన్న అయినవాళ్ళని తెరమీద చూస్తూ మాట్లాడుకోవచ్చు. మనిషికి అరగంట. బయట రెండు గంటల లైను. ఆ లైనులో అందరికంటే ముందు మా బావ! ఆయన పిచ్చికి జన్మలో మొదటిసారి దణ్ణం పెట్టుకున్నాను.

"బావా, నీ వంతు నాకివ్వు. ఆరింటికి మూసేస్తారు."

"ఇవ్వనురా."

"లోపలికెళ్ళి నువ్వేం చేస్తావు? నీకు మౌసు పట్టుకోవడం కూడా రాదు!"

"నేను వెళ్తానన్నానా?"

అంతలో ఒకావిడ రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. చేతులింకా తడి ఆరలేదు. బావ ఏమీ ఎరగనట్టు పక్కకి జరిగాడు. ఆవిడ ఆయన చోట్లోంచి తిన్నగా గాజు గదిలోకి నడిచింది. బావ లైను చివరికి బయల్దేరి, "నీకోసం మళ్ళీ మొదట్నుంచి నిలబడతాలే" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "సొంత బామ్మర్దిని కాదని ఎవరికో ఇస్తావా? అక్కకి చెప్తానుండు!" అని అరిచాను. నాలుగు పక్కలనుంచీ "ష్" అన్నారు.

ఆవిడ తలుపు తీసింది. "తమ్ముడూ, అన్నయ్యని ఏమీ అనకు. నేనొక ఇంట్లో వంట చేస్తాను. వారానికి గంటే బయటికి పంపిస్తారు. రానూపోనూ అందులో అరగంట పోతుంది. నా దగ్గరున్నది బటన్ల ఫోను. మా పాప మొహం చూడాలంటే ఇక్కడే. మొదటివారం సగం లైనులోనే ఏడ్చుకుంటూ వెళ్ళిపోయాను. ఆ తర్వాత నుంచి అన్నయ్యే నిలబడుతున్నాడు."

"మీరు మాట్లాడుకోండక్కా" అని తలుపు నేనే దగ్గరికి వేశాను.

ఆవిడ తన అరగంటలో ఆఖరి ఆరు నిమిషాలు నాకు వదిలేసింది. గబగబా ఫారం నింపి పంపించాను. బయటికొచ్చి, "నాకు ముందే ఎందుకు చెప్పలేదు బావా?" అన్నాను.

"చెప్పడానికేముందిరా? ఎలాగూ నిలబడేవాణ్ణే కదా!" అన్నాడు.

తరువాతి సెలవురోజున బావకి డ్యూటీ పడింది. "ఒరేయ్, ఈ పూటకి నువ్వెళ్ళు" అన్నాడు. వెళ్ళాను. రెండు గంటల్లో కాళ్ళు పీకేశాయి. ముందాయన మోకాలినొప్పి గురించి, వెనకావిడ కోడలి గురించి నాకు పూర్తిగా తెలిసిపోయింది. నా వంతుకి సరిగ్గా మూడు నిమిషాల ముందు వంటావిడ పరిగెత్తుకొచ్చింది.

తెరమీద రెండు జడల పిల్ల కనిపించింది. అమ్మని పలకరించకుండానే, "లైను మామయ్య ఏడీ?" అంది.

నేను తలుపులోంచి తల పెట్టి, "ఆయనకి పని పడిందమ్మా. నేను ఆయన బామ్మర్దిని" అన్నాను.

ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, గొంతు తగ్గించి వాళ్ళమ్మని అడిగింది: "ఈయనకి నిలబడటం వచ్చా?"

"ఇప్పుడే నేర్చుకుంటున్నాడులే" అంది వాళ్ళమ్మ.